బొమ్మ కింది రాయి మన నేలది కావాలి

పల్నాడులో ఏ బడికైనా వెళ్ళి పిల్లల చేతికి కాగితమిచ్చి కొండ గీయమనండి. రెండు త్రికోణాలు, వాటి నడుమ సగం సూర్యుడు, కింద మెలికలు తిరిగిన ఏరు గీస్తారు. కొందరు త్రికోణాల కొనలకు తెల్లరంగు వేసి మంచు చూపిస్తారు. ఎండాకాలం వచ్చిందంటే రాష్ట్రంలో ముందుగా వినిపించే పేరు రెంటచింతల. ఆ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు గీసేది మంచుకొండ. బడి బయటికి వచ్చి చూస్తే దూరాన కనిపించే గుట్టకు త్రికోణపు కొన ఉండదు. పైన బల్లపరుపుగా, పక్కల మెట్లుమెట్లుగా, పొర మీద పొరగా ఉంటుంది. ఆ గుట్ట ఎవరి కాగితం మీదికీ ఎక్కదు.

నేను గురజాల, మాచర్ల ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. బొమ్మలు గీయించడం కన్నా నమూనాలు చేయించడం నాకు ఎక్కువ ఇష్టం. సైన్స్ ఫెయిర్‌కు ఆనకట్ట, సంక్రాంతి బొమ్మల కొలువుకు కొండ, క్రిస్మస్‌కు పశువుల పాక, ఏది అడిగినా కాదనలేదు. ఇప్పటికీ మా వరండాలో ప్లాస్టర్ కలుపుతూనే ఉంటాను. ఇన్నాళ్ళ పనిలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. నమూనాలో బొమ్మ ఎంత ముఖ్యమో అది నిలబడిన రాయీ అంతే ముఖ్యం. ఆ రాయి ఏ నేలదో చూడగానే తెలియాలి. పల్నాడు పిల్లలు చేసే నమూనాలో పల్నాటి రాయి కనిపించాలి. దీన్ని బడిలో పాఠంగా నేర్పాలి.

చిన్నపిల్లల ఆట గురించి ఇంత పెద్ద మాటా అనుకునేవారు ఒకసారి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్ళి రావాలి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న ఆ లోయ 1926లో లోకం కంటబడింది. నాగార్జునసాగర్ కట్టాలని నిర్ణయించాక, లోయ మునిగిపోకముందే 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ భారీ ఎత్తున తవ్వకాలు జరిపింది. ఆ మధ్యలోనే, 1955 డిసెంబర్ 10న, నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. తర్వాత నీళ్ళొచ్చాయి. తొమ్మిది కట్టడాలను విప్పి తీసుకొచ్చి మళ్ళీ కట్టారు. పద్నాలుగు శిథిలాలకు పెద్ద నమూనాలు చేసి కొండ మీదా, మాచర్ల వైపున ఉన్న అనుపు దగ్గరా నిలిపారు. ఒకప్పటి కొండకొన ఇప్పుడు ద్వీపం. దాని మీద 1966లో మ్యూజియం తెరిచారు.

ఆ మ్యూజియంలో శిల్పాలన్నీ చూసి జనం బయటికి వచ్చేస్తారు. మునిగిపోయిన లోయకు కేటాయించిన గ్యాలరీలో మధ్యన ఒక నమూనా ఉంది. చుట్టూ కొండల వరసలు, నడుమ లోయ, అందులో పాత రాతియుగం నుంచి మధ్యయుగాల చివరి వరకు మనుషులు బతికిన వందకు పైగా చోట్లు గుర్తించి ఉంటాయి. ఆ నేలను ఇంకెక్కడా చూడలేం. అది నీళ్ళ అడుగున ఉంది. ఏ విహారం ఏ గుట్ట పక్కన ఉండేదో, నది ఏ వంపులో పారేదో, ఊరికీ శ్మశానానికీ మధ్య ఎంత ఎడముండేదో ఒక్క చూపులో చెప్పగలిగింది ఆ నమూనా ఒక్కటే. దాన్ని చేసినవాళ్ళు కట్టడాలను మాత్రమే చేసి, కింద సాదా పచ్చబట్ట పరిచి ఊరుకుని ఉంటే మనకేం మిగిలేది? కొండల వరస కూడా చేశారు కాబట్టే అది లోయ అయింది. నేను పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్ళినప్పుడల్లా ముందు ఆ నమూనా దగ్గరే నిలబెట్టేవాణ్ణి. ఒక భూభాగం బతికుండేది నమూనాలోనే అయినప్పుడు, నమూనా కింది రాయి అలంకారం కాదు, సాక్ష్యం.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. గుడిలో విగ్రహాన్ని పీఠం లేకుండా ప్రతిష్ఠించరు. పీఠానికీ కొలతలున్నాయి, శాస్త్రముంది. మాచర్ల పక్కనే ఉన్న దుర్గి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ శిల్పుల చేతిలో విగ్రహం పాదాల కింది పద్మపీఠానికీ ముఖానికి చూపినంత శ్రద్ధ దొరుకుతుంది. అమరావతి స్తూపానికి, నాగార్జునకొండ విహారాలకు శిల్పాలు చెక్కిన రాయి కూడా పల్నాటి సున్నపురాయే. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాల ముందు నిలబడేవాళ్ళు చూస్తున్నది మన నేల రాయిని.

బొమ్మల కొలువులోనూ కొండ చేయడం ఉంది. కోస్తా జిల్లాల్లో సంక్రాంతికి మెట్ల మీద కొండపల్లి బొమ్మలు పేర్చి, పక్కన మట్టితో గుట్ట పోసి, ఆవాలో మెంతులో చల్లి మొలకెత్తిస్తారు. మా అమ్మ పండగకు ముందే చల్లేది, భోగి నాటికి గుట్ట పచ్చబడాలని. ఇక రెంటచింతల వంటి ఊళ్ళలో క్రిస్మస్ వస్తే పశువుల పాక కట్టడం ఇంటిల్లిపాదికీ పండగ పని. అట్టపెట్టెలు, గోనెపట్టాలు, ముదురురంగు కాగితం నలిపి గుహ చేస్తారు. ఇటలీలోని గ్రెచ్చోలో 1223లో అసిసీ ఫ్రాన్సిస్ మొదలుపెట్టాడని చెప్పే ఆచారమిది. నేపుల్స్ కళాకారులు దాన్ని పెద్ద కళగా పెంచారు. అక్కడ కొండల కోసం కార్క్ చెట్టు బెరడును వాడతారు. దాని గరుకుతనం రాతిని పోలి ఉంటుంది, తేలికగా విరుగుతుంది, బరువుండదు. వాళ్ళు బాల యేసును బెత్లెహేము నుంచి తెచ్చి తమ నేపుల్స్ వీధుల్లో, తమ రాళ్ళ మధ్య, తమ సంతలో పుట్టించారు. దాని వల్ల భక్తికి లోటు రాలేదు. మన పశువుల పాక మన నాపరాళ్ళ మధ్య ఎందుకు ఉండకూడదు?

పల్నాటి రాయిని చేయాలంటే ముందు దాన్ని చూడటం నేర్చుకోవాలి. దాచేపల్లి, నడికుడి వైపు నాపరాయి క్వారీ గట్టు మీద నిలబడి చూస్తే పాఠమంతా ఎదురుగానే ఉంటుంది. జంతువులకు గవ్వలు, ఎముకలు ఇంకా ఏర్పడని కాలంలో, సముద్రం అడుగున సన్నని సున్నపు బురద పొరపొరగా పేరుకుని గట్టిపడిన రాయి ఇది. అందుకే పలకలు పలకలుగా చీలుతుంది. క్వారీ పనివాళ్ళు పొర గీత ఎక్కడుందో చూసి అక్కడ గడ్డపలుగు దూర్చి ఎత్తుతారు. పలక లేచి వస్తుంది. పొర మధ్యలో కొడితే రాయి ముక్కలవుతుంది తప్ప పలక రాదు. వాళ్ళను చూసి నేను నేర్చుకున్న మొదటి సూత్రం ఇది: పొర ఎటు పోతోందో తెలియకుండా రాతి మీద చెయ్యి వేయకూడదు.

నమూనాకు కూడా అదే మొదటి సూత్రం. బొమ్మ కింది దిమ్మెలో ఈ మూల నుంచి ఆ మూల దాకా పొరలన్నీ ఒకే వాలులో పోవాలి. ఎడమవైపు అడ్డంగా, కుడివైపు ఏటవాలుగా, మధ్యలో నిలువుగా చేస్తే అది కొండ కాదు, లారీ దింపిన రాళ్ళ కుప్ప. రెండోది, పొరలను అడ్డంగా తెగగొట్టే నిలువు చీలికలుంటాయి. అవి కూడా ఇష్టమొచ్చినట్టు రావు, దాదాపు ఒకదానికొకటి సమాంతరంగా వస్తాయి. పొరలూ చీలికలూ కలిసి రాతిని పెట్టెలు పెట్టెలుగా విడగొడతాయి. గట్టు అంచున పెట్టె రాలిపోయిన చోట మెట్టు ఏర్పడుతుంది. మూడోది, రాలిన రాయి ఎక్కడికీ పోదు. గట్టు కింద పెద్దవి, వాటి మధ్య చిన్నవి, ఆ సందుల్లో మన్ను. పైన ఏ రాయి ఉందో కిందా అదే రాయి ఉండాలి, రంగు కూడా అదే. చాలా నమూనాల్లో కొండ బూడిదరంగులో ఉంటుంది, కింద చల్లింది మాత్రం ఇసుక లారీ నుంచి ఏరుకొచ్చిన గుండ్రటి గులకరాళ్ళు. ఏటి నీటిలో దొర్లి నునుపెక్కిన రాయి కొండ అంచు నుంచి రాలిందంటే చూసే కన్ను ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదో చూసేవాడు చెప్పలేకపోవచ్చు, తేడా మాత్రం తెలుస్తుంది.

నేల మారితే సూత్రాలూ మారతాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుండ్లకు పొరలుండవు. మూలలు అరిగి గుండ్రబడి ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. అంత దూరం అక్కర్లేదు, మన జిల్లాలోనే నరసరావుపేట వైపు వస్తే రాయి మారిపోతుంది. కోటప్పకొండ మూడు శిఖరాల బండకు నాపరాయి మెట్లు పెడితే అది కోటప్పకొండ కాదు. గుత్తికొండ బిలం చేయాలంటే వాననీరు యుగాల తరబడి సున్నపురాతిని ఎలా కరిగిస్తుందో తెలియాలి. అక్కడ రాతి అంచులు పదునుగా ఉండవు, నీరు తినేసినట్టు మెత్తగా వంపులు తిరుగుతాయి. పిల్లవాడు ఒక్క బిలం నమూనా చేస్తే రసాయనశాస్త్రంలో కార్బోనిక్ ఆమ్లం పాఠం మరిచిపోడు.

రాతికి ఇంకో గుణముంది. దాని ఫొటో మాత్రమే చూసి అది అరచేతంత ముక్కో, నిలువెత్తు గట్టో చెప్పలేం. అందుకే భూగర్భ శాస్త్రజ్ఞులు రాతి ఫొటో తీసేటప్పుడు పక్కన సుత్తో నాణెమో పెడతారు. పెద్ద చీలిక ఎలా ఉంటుందో, దానిలోని చిన్న చీలికా అలాగే ఉంటుంది. బెన్వా మాండెల్‌బ్రో అనే గణితవేత్త 1967లో బ్రిటన్ తీరరేఖ పొడవు మీద రాసిన వ్యాసం నుంచి ఈ ఆలోచన ప్రపంచమంతా పాకింది. నమూనా చేసేవాడికి ఇది వరం. అరచేతంత నాపరాయి ముక్క, 1:72 కొలతలో గట్టుగా నిలబడగలదు. ఆ కొలతలో ఐదున్నర అడుగుల మనిషి సుమారు 2.3 సెంటీమీటర్లు. మాచర్ల దగ్గర చంద్రవంక మీద 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల జలపాతం దాదాపు 30 సెంటీమీటర్లు, అంటే అడుగు స్కేలు పొడవు. ఈ లెక్క వేయించిన రోజు ఏడో తరగతి పిల్లలకు నిష్పత్తుల పాఠం వేరేగా చెప్పాల్సిన పని ఉండేది కాదు. స్కేలు నిలబెట్టి, దాని పక్కన అగ్గిపుల్ల ముక్కను మనిషిగా పెట్టి, వాళ్ళే జలపాతం ఎత్తు చూసుకునేవాళ్ళు.

ఇక చేసే పద్ధతి. థర్మకోల్‌ను నేను బడిలో వద్దనేవాణ్ణి. కోస్తే గింజలు రాలుతుంది, స్ప్రే రంగు తగిలితే కరిగిపోతుంది, పారేస్తే మట్టిలో కలవదు. దాని బదులు మందపాటి అట్టలు చాలు. అట్టను కత్తితో కోయకూడదు, చేత్తో చించాలి. చింపిన అంచు విరిగిన రాతిలా ఉంటుంది, కోసిన అంచు అట్టలాగే ఉంటుంది. చించిన ముక్కలను ఒకదాని మీద ఒకటి, కొన్ని కాస్త ముందుకూ కొన్ని వెనక్కూ జరిపి ఫెవికాల్‌తో అంటిస్తే నాపరాయి గట్టు లేస్తుంది. పైన వాల్ పుట్టీ పలచగా పూసి, ఆరకముందే పాత టూత్‌బ్రష్‌తో పొరల దారిలో గీకాలి. దారికి అడ్డంగా గీకకూడదు.

ఇంతకన్నా నిజమైన రాయి కావాలంటే కుమ్మరి మట్టి ముద్దను మెత్తగా పిసికి, విరిగిన నాపరాతి ముఖం మీద గట్టిగా అదిమి తీయాలి. రాతి గీతలన్నీ మట్టిలో అచ్చుపడతాయి. అందులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తే అదే ముఖం తిరిగి వస్తుంది. ప్లాస్టర్ కలిపేటప్పుడు నీళ్ళలో పొడి చల్లాలి, పొడిలో నీళ్ళు పోయకూడదు. పోస్తే ఉండలు కడుతుంది. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కనుక పిల్లలను చేతులు అందులో ముంచి ఉంచనీయకూడదు. రాయి పగలగొట్టాలన్నా, రుద్దాలన్నా ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని క్వారీ ఊళ్ళవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

రంగు దగ్గర తొందరపడేవాళ్ళే ఎక్కువ. కొండ అనగానే ముదురు గోధుమరంగు డబ్బా తీస్తారు. నాపరాయి బూడిదరంగులో నీలం కలిసినట్టుంటుంది. కొన్నిచోట్ల లేత పసుపు, కొన్నిచోట్ల వంగపండు ఛాయ కూడా ఉంటుంది. ముందు ఆ మూల రంగు వేసి ఆరనివ్వాలి. తర్వాత నల్లస్టెయినర్‌ను బాగా నీళ్ళగా కలిపి పైనుంచి పారనిస్తే అది సందుల్లోకి దిగి నీడ అవుతుంది. ఆరాక, కుంచెకు లేతరంగు అద్ది, పాత గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా ఉన్న కుంచెను అంచుల మీద ఆనీ ఆననట్టు లాగాలి. పొరల అంచులకు ఎండ తగిలినట్టవుతుంది. చివరగా మన చేలోని నల్లరేగడి జల్లించి, పలచని ఫెవికాల్ మీద చల్లాలి. ఆ మన్నుకు ఏ రంగూ వేయక్కర్లేదు. పత్తి, మిరప పండే మట్టి రంగును డబ్బాలో ఏ కంపెనీ అమ్మడం లేదు.

విదేశీ అచ్చులు, రెడీమేడ్ రాళ్ళు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా అని ఈమధ్య యువకులు అడుగుతున్నారు. దొరుకుతాయి. నాణ్యమైనవే. రైలు నమూనాలు చేసే అమెరికా వాళ్ళు, యుద్ధ ట్యాంకుల నమూనాలు చేసే యూరప్ వాళ్ళు ఈ పనిలో చాలా దూరం వెళ్ళారు. వాళ్ళ మెళకువలు తప్పకుండా నేర్చుకుందాం. కానీ వాళ్ళలో మంచి పనివాళ్ళు చేసేదేమిటో కూడా చూడాలి. న్యూయార్క్ సహజ చరిత్ర మ్యూజియంలో 1936లో తెరిచిన ఆఫ్రికా జంతువుల హాలుకు కార్ల్ ఏక్లీ బృందం ఆఫ్రికాకే వెళ్ళి, ఆ చోటు చెట్లనూ మట్టినీ పరిశీలించి, నమూనాలు సేకరించి తెచ్చింది. ఏ జంతువును ఏ చోట చూశారో ఆ చోటునే తిరిగి నిర్మించారు. వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది వాళ్ళ రాయిని కొనుక్కోవడం కాదు, వాళ్ళలా మన రాయి దగ్గరికి నడిచి వెళ్ళడం.

పరీక్షల ఒత్తిడిలో దీనికి టైమెక్కడిదని తోటి ఉపాధ్యాయులు అంటారు. వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల మాస్టారుకు ఇచ్చేసే బడుల్లోనే నేనూ పనిచేశాను. కానీ ఒక్క కొండ నమూనాలో నిష్పత్తులున్నాయి, భూగోళముంది, రసాయనశాస్త్రముంది, నాగార్జునకొండ చరిత్ర ఉంది, కారెంపూడి దగ్గర నాగులేరు ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధముంది. ఏ పీరియడ్‌లో చేయించినా అది ఆ పాఠమే అవుతుంది. ఖర్చు మాటంటారా, కిలో ప్లాస్టర్‌కయ్యేది సినిమా టికెట్ కన్నా తక్కువ. అట్టపెట్టెలు కిరాణా కొట్టులో ఊరికే ఇస్తారు. నాపరాయి పాలిషింగ్ యూనిట్ల బయట ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి, అడిగితే సంచి నింపుకోమంటారు.

ఇందులో జీవనోపాధి కూడా ఉంది. ఎత్తిపోతలకు, నాగార్జునకొండకు, కోటప్పకొండ తిరునాళ్ళకు వచ్చే జనం ఇంటికి పట్టుకెళ్ళేది ఎక్కడో తయారైన ప్లాస్టిక్ బొమ్మ. దుర్గి శిల్పుల ఉలి పనినీ, క్వారీల దగ్గర వృథాగా పడి ఉన్న నాపరాయి ముక్కలనూ కలిపితే అరచేతిలో పట్టే ఎత్తిపోతల, బల్ల మీద నిలిచే అనుపు రంగస్థలం తయారవుతాయి. బొమ్మ మాత్రమే కాదు, దాని కింద అసలైన పల్నాటి రాయి కూడా కొన్నవాడి ఇంటికి చేరుతుంది. పర్యాటక శాఖ, చేనేత హస్తకళల శాఖ కలిసి ఆలోచించవలసిన పని ఇది. పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. శిల్పులకు చిన్న సైజు పనిలో శిక్షణ, రేవుల దగ్గరా గుళ్ళ దగ్గరా అమ్ముకోవడానికి చోటు చాలు.

పల్నాడు 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. జిల్లాకు కార్యాలయాలొచ్చాయి, బోర్డులు మారాయి. జిల్లాలో పెరిగే పిల్లలకు తమ నేల రూపం తెలియడం కూడా అంతే అవసరం. జిల్లా విద్యాశాఖకు నా విన్నపం. ప్రతి ఉన్నత పాఠశాలలో, ఆ ఊరి భూమి నమూనా ఒకటి పిల్లల చేత చేయించండి. ఊరి గుట్ట, చెరువు, వాగు, క్వారీ, గుడి, చర్చి, మసీదు అన్నీ కొలతలో ఉండాలి. గుట్టకు ఆ గుట్ట పొరలే ఉండాలి. జిల్లా సైన్స్ ఫెయిర్‌లో మార్కులిచ్చే పట్టికలో బొమ్మకు ఎన్ని మార్కులో, దిమ్మెకూ అన్ని మార్కులు పెట్టండి. నాగార్జునకొండకు విహారయాత్ర తీసుకెళ్ళే ఉపాధ్యాయులారా, పిల్లలను మునిగిపోయిన లోయ నమూనా ముందు కాసేపు నిలబెట్టి, ఏ కొండ ఎక్కడుందో వాళ్ళతోనే చెప్పించండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. వచ్చే సంక్రాంతికి కొలువు పెట్టినా, క్రిస్మస్‌కు పాక కట్టినా, ముందు పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఊరి బయట గట్టు దాకా నడవండి. ఒక్క నాపరాయి ముక్క చేతికిచ్చి, పొర ఎటు పోతోందో చూపించమనండి. చూపించగలిగితే మీ అబ్బాయి సగం కొండ చేసినట్టే.